చదవని పేర్లు

ఆదివారం, కె.ఆర్.పురం

చర్చికి వచ్చే ప్రార్థన మనవులను ఫోన్లో తీసుకునే బాట్‌ను నేనే పెట్టాను. నిన్న కొత్త వెర్షన్ కోసం సర్వర్‌లో పాత బాట్ నడిచే సాఫ్ట్‌వేర్ పెట్టెను, అంటే కంటైనర్‌ను, తీసేశాను. వారమంతా వచ్చిన మనవులు దాని లోపలే ఉన్నాయని, బయట కాపీ లేదని తర్వాత తెలిసింది. పాస్టర్ గారికి చెప్పలేదు. ఈ ఉదయం ఆరాధనలో ఆయన, కొత్త బాట్‌కు వచ్చిన నాలుగు పేర్లే చదివారు.

ఆరాధన అయ్యాక నర్సు సుగుణక్క వచ్చింది.

"తమ్ముడూ, రేపు నాకు ఆపరేషన్. అందిందని నీ బాట్ జవాబిచ్చింది గదా, నా పేరు చదవలేదేం? నర్సుకు ప్రార్థన దేనికిలే అనుకుందా?"

నవ్వుతూనే అడిగింది, కానీ జవాబు కోసం నిలబడే ఉంది.

"చూస్తానక్కా" అన్నాను.

అడగకుండా ఇంటికి వెళ్ళినవాళ్ళు ఎందరో. తమ పేరు కావాలనే వదిలేశారనుకుంటే...

పాస్టర్ గారి నంబరు రెండుసార్లు తీసి, ఫోన్ పక్కన పెట్టేశాను. రేపు ఉదయం ఏడింటికి అక్కను ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్తారు.