కాత్యాయని కణుజు వేట

యూ టీ, సింగపూర్

ప్రియమైన అన్నయ్యకు,

నేను వేటకు బయల్దేరుతున్నాను! తుపాకీతో కాదులే, కెమెరాతో. మండాయ్ అడవి అంచున కణుజు జింకలు తిరుగుతున్నాయట. ఆడపిల్ల వెంట వస్తే గాలి తిరిగి జింక పారిపోతుందని నాన్న ఎప్పుడూ నిన్నే తీసుకెళ్లేవారు. అరవై ఆరేళ్లొచ్చినా నాకా ఉక్రోషం పోలేదు. కణుజును ఎదురుగా నిలబెట్టి ఫోటో తీయకపోతే నా పేరు కాత్యాయని కాదు.

నీ చెల్లెలు

నంద్యాల

చి. కాత్యాయనికి ఆశీస్సులు.

నీ వల్ల కాదమ్మాయ్! వేటంటే సగం వాతావరణమే. గాలి మన మీంచి జింక వైపు వీచిందా, వాసన పట్టేస్తుంది. జోరువానలో అది పొద వదలదు. ఈదురుగాలిలో చప్పుడు తెలియక ఊరికే బెదురుతుంది. ఏసీలో కూర్చునేదానివి, నీకెందుకీ తిప్పలు?

మీ అన్నయ్య సాంబమూర్తి

అన్నయ్యా,

మొదటి వేట తుస్సుమంది. తప్పు నాదే. శుక్రవారం కదాని తలంటుకుని, సాంబ్రాణి పొగ పట్టి, మల్లెపూలు పెట్టుకుని మరీ వెళ్లాను! పొదల్లో కొమ్ములు కనిపించాయి. వెనకనుంచి గాలి వీచింది, అంతే, మాయం. మా అమ్మాయి కీర్తిక పడీపడీ నవ్వింది. "జింకేంటమ్మా, ఆ స్మెల్‌కి బస్సులో వాళ్లే పారిపోతారు లా!" అని సింగపూర్ యాసలో అంది. నువ్వూ నవ్వుకో. నేను మాత్రం వదలను.

కాత్యాయని

అన్నయ్యా! అన్నయ్యా!

దొరికింది! నిన్న కుంభవృష్టి. కీర్తిక వద్దంటున్నా బయల్దేరాను. పూలు లేవు, ధూపం లేదు. వాన వెలిశాక చిటికెడు విభూతి గాల్లోకి వదిలాను. నా మొహం మీదికే వచ్చింది. అంటే గాలి అడవి నుంచి నా వైపు! తడి ఆకుల మీద నా అడుగు నాకే వినపడలేదు. పెద్ద మగ కణుజు, ఒళ్లంతా నీళ్లోడుతూ తీరిగ్గా మేస్తోంది. తలెత్తి నన్నే చూసింది. ఆడదాన్ని నేనక్కడే ఉన్నాను, గాలి తిరగలేదన్నయ్యా! ఏడుపొచ్చింది కానీ కెమెరా నొక్కేశాను. ఫోటో పంపుతున్నాను, కళ్లారా చూసుకో.

నీ వేటగత్తె చెల్లెలు

చెల్లెమ్మా,

నాన్న తుపాకీ పట్టుకున్న ఫోటో పక్కనే నీ కణుజును తగిలించాను. ఆయనతో అన్నిసార్లు తిరిగినా అంత దగ్గరగా నేనెన్నడూ చూడలేదు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ మా చెల్లెలు తీసిందని చూపిస్తున్నాను. వచ్చే నెల సింగపూర్ వస్తాను. నన్నూ వేటకు తీసుకెళ్తావా?

సాంబమూర్తి

అన్నయ్యా,

మగవాళ్లు వెంట వస్తే గాలి తిరుగుతుందేమో మరి!

సరేలే, రా. సెంటు కొట్టుకోకు. నా వెనకే నడువు.

కాత్యాయని