తడిసిన త్రోబాల్ కోర్టు

మంగళవారం, రాత్రి

ఇప్పుడే రాయకపోతే, రేపు స్టెల్లా మాటలు విని ఇదంతా నా భ్రమే అనుకుంటాను. మా త్రోబాల్ క్లబ్ కెప్టెన్ తను.

"ఈ పొద్దు ప్రాక్టీస్ లేదప్పా, మీ ఊరికి ముళబాగిలు బస్సుకు పో," అంది సాయంత్రం.

వెళ్తూ కోర్టు చూశాను. దుమ్ము లేవకుండా ఆటకు ముందు మేమే నీళ్లు చల్లుతాం. ఈ రోజూ కోర్టు తడిగా ఉంది. వెనక్కి వెళ్లి స్టెల్లాను అడిగాను.

"నీళ్లు ఎవరు చల్లినారు?"

"వాన పడిందేమో లేమ్మా!"

"కోర్టు మీద మాత్రమేనా?"

పక్కనున్న అమ్మాయిలు నవ్వారు. తను నవ్వలేదు.

బడి ముఖం చూడని అమ్మ, జట్టులో చోటుంటేనే సాయంత్రాలు ఆటకు ఉండనిస్తానంది. ప్రాక్టీస్‌కు రాలేదని చెప్పి నన్ను తీసేస్తారా...

పొద్దున్నే ఈ మెసేజ్ పంపాలి: "స్టెల్లా, నేను జట్టులో ఉండానా లేదా? శుక్రవారం లోపల చెప్పు. అమ్మకు ఏదో ఒకటి చెప్పాల."