నాన్న పోలిక

తమ్ముడూ,

ఫోనుండగా ఈ ఉత్తరాలేమిటి, అక్కకి చాదస్తం ముదిరింది అనుకుంటావు. అనుకో. ఫోన్‌లో నీ గొంతు వింటే నాకు నాన్న గొంతే వినిపిస్తుంది, ఇక అడగాల్సింది నోట్లోనే ఉండిపోతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చదివాక మరదలి కంట పడనివ్వకు.

నా ఉద్యోగం సంగతి నీకు తెలిసిందే. పోలీస్ స్టేషన్‌లో మెట్ల కింద గది, ఒక బల్ల, రెండు కుర్చీలు. దెబ్బలు తిన్నవాళ్ళు వచ్చి నా ఎదుట కూర్చుని, కొట్టినవాడి పోలికలు చెబుతారు. నేను గీస్తాను. చిన్నప్పుడు నువ్వు నన్ను బొమ్మలక్క అని ఏడిపించేవాడివి, ఇక్కడ ఇన్‌స్పెక్టర్ గారు బొమ్మలమ్మ అంటారు.

సోమవారం ఒక కుట్టు దుకాణం ఆవిడను ఆస్పత్రి నుంచి నా గదికి తీసుకొచ్చారు. మీ వీధి చివర మందుల షాపు పక్కన ఉంటుందే, ఆ దుకాణమే. ముందటి గురువారం చీకటి పడుతుండగా ఆవిడ షట్టర్ దించబోతుంటే ఒకడు లోపలికి తోసుకొచ్చాడు. మెడలో గొలుసు పట్టి లాగాడు. గొలుసు తెగలేదు, మెడ తెగింది. అరవబోతే బల్ల మీదున్న ఇస్త్రీపెట్టె తీసి ముఖాన కొట్టాడు. అది ఇంకా కాలుతూనే ఉంది. ఆవిడ పడిపోయింది, గొలుసు వాడి చేతికొచ్చింది, ఇక పోవచ్చు. పోలేదు. వంగి, జుట్టు పట్టి తల పైకి లేపి, మళ్ళీ కొట్టాడు. ఎడమ కన్ను పోయింది. చెంప మీద చర్మం ఇస్త్రీపెట్టె మొన ఆకారంలోనే ఊడొచ్చింది. దవడకి కట్టు కట్టడంతో మాట ముద్దముద్దగా వస్తోంది.

"ముఖం ఎలాంటిదమ్మా? గుండ్రమా, పొడుగా?" అని అడిగాను.

"పొడుగే అనుకుంటానండీ."

"దవడ ఇలా పలకలు తేలి ఉందా?"

తల ఊపింది.

"కనుబొమలు కలిసిపోయాయా?"

మళ్ళీ తల ఊపింది. అప్పటికే నా చెయ్యి పరుగెడుతోంది. ఏ బొమ్మకైనా గీసేదానికంటే చెరిపేదే ఎక్కువ ఉంటుంది. ఈసారి రబ్బరు ముట్టుకోలేదు. ఆవిడ చెప్పకముందే పెన్సిల్‌కి తెలిసిపోయినట్టు చెవులొచ్చాయి, నుదుటి మీద గీతలొచ్చాయి, కోపంతో బిగుసుకున్న నోరొచ్చింది. కాగితం ఆవిడ వైపు తిప్పాను. ఉన్న ఒక్క కన్నుతో చూసి, గోడ వైపు జరిగిపోయింది. "వాడే," అంది.

నేను నా వైపు తిప్పుకుని చూశాను. అది నాన్న ముఖం. నాన్న మట్టిలో కలిసి ఇన్నేళ్ళయింది కాబట్టి, అది నీ ముఖం.

దేవుడు మనిషిని తన పోలికలో చేశాడన్న వాక్యం నాన్నకి మహా ఇష్టం, గుర్తుందా? ఆదివారం చర్చిలో అందరి ముందూ చదివేది ఆయనే. ఇంటికొచ్చి బెల్టు చేతికి చుట్టుకుంటూ చెప్పేదీ అదే. "ఆయన నన్ను ఆయన పోలికలో చేశాడు. నేను నిన్ను నా పోలికలో చేస్తున్నా. కదలకు." బకిల్ ఉన్న కొసే నీకు తగిలేది. ఆయన బయటికి వెళ్ళాక అమ్మ తడిగుడ్డతో నీ ముఖం మీద రక్తం తుడుస్తూ, "ఇది దేవుడి పోలిక నాన్నా, ఆయనది కాదు," అని గొణిగేది. చుట్టాలెవరైనా నిన్ను చూసి అచ్చం తండ్రి పోలికే అంటే ఆ పూట అమ్మ అన్నం తినేది కాదు.

ఇక నేను ఎవరికీ చెప్పని మాట. నాన్న నా మీదికి వచ్చిన రోజు నువ్వు బెల్టు లాక్కుని ఆయన్నే కొట్టావు. ఆయన పడిపోయాక కూడా కొట్టావు. చెవిలోంచి రక్తం కారుతున్నా ఆపలేదు. అప్పుడు నీ ముఖం చూశాను. నాన్న ముఖమే. ఆ రోజు నుంచి నాకు నువ్వంటే ప్రాణం, నీ ముఖమంటే భయం.

గురువారం చీకటి పడే వేళ ఎక్కడున్నావు? బొమ్మ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. కళ్ళు సరిగా కుదరలేదని అబద్ధం చెప్పి శుక్రవారం దాకా గడువు అడిగాను. నా సొరుగులో ఉంది. నువ్వే చేసి ఉంటే నువ్వే వచ్చి లొంగిపో, పక్కన నేనుంటాను. చెయ్యకపోతే చెయ్యలేదని ఒక్క ముక్క రాయి. నీ మాట నమ్మాలని ఉంది.

నీ అక్క


అక్కా,

నీ ఉత్తరం వెల్డింగ్ షాపులో నిలబడే చదివాను. చదివి, పక్కనున్న ఇనుప గేటుని సుత్తితో బాదాను. ఎవరో పాపం గృహప్రవేశానికి చేయించుకుంటున్నారు, మళ్ళీ నేనే సరిచెయ్యాలి. కోపం విషయంలో నాన్న పోలికే, ఒప్పుకుంటాను. నేను కొట్టేది ఇనుముని.

గురువారం ఎక్కడున్నానో చెప్పను. చెబితే సాక్షులెవరంటావు, నీ ఉద్యోగం అలాంటిది. నేనే ఒకటి అడుగుతాను. నువ్వు గీసిన ఆ ముఖానికి కింద పెదవి మీద మచ్చ ఉందా? ముక్కు ఎడమకి ఒరిగి ఉందా?

లేవు కదూ. నాకున్నాయి.

కిందటేడు బస్సు డిపోలో కాపలా ముసలాయన్ని పొడిచి చంపినవాడి బొమ్మ గీశావు. గోడలనిండా అంటించారు. షాపులో వాళ్ళు, "ఏం గురూ, నీ బొమ్మ వేశారు," అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం బస్టాండులో ఒకడు నా కాలర్ పట్టుకున్నాడు. ఇంకొకడు గోడ మీది బొమ్మ చింపి తెచ్చి నా మొహం పక్కన పెట్టి చూశాడు. తర్వాత ఎంతమంది వచ్చారో తెలీదు. ఇనుప గొలుసుకి తాళంకప్ప కట్టి నోటిమీద కొట్టారు. కింద పెదవి రెండుగా చీలింది. ముందు పళ్ళు మింగేశాను. కడుపులో తన్నుతుంటే రక్తంతో పాటు ఒక పన్ను బయటికొచ్చింది. ఒకావిడ చెప్పుతో కొడుతూ వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆ ముసలాయన ఆవిడకి ఏమవుతాడో. ఆవిడ మీద మాత్రం నాకు కోపం రాలేదు.

నిచ్చెన మీంచి పడ్డానని నీకు కబురు చేశాను. నీ చేతి బొమ్మ వల్లే అని తెలిస్తే మళ్ళీ పెన్సిల్ పట్టవని. తర్వాత అసలువాడు దొరికాడు. పేపర్లో ఫోటో వచ్చింది, గుండ్రటి మొహం, బూరె బుగ్గలు. నువ్వూ చూసే ఉంటావు.

అమ్మని సమాధి చేసిన రోజు నీ పక్కనే నిలబడ్డాను, గుర్తుందా? అప్పటికి కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. నువ్వు నా చొక్కా గుండీలు చూస్తూ మాట్లాడావు. ఏడుపు వల్లేమోలే అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది. అక్కా, ఆ తాళంకప్ప కంటే ఇదే ఎక్కువ నొప్పిగా ఉంది.

బెల్టు లాక్కున్న రోజు నా మొహం చూశానన్నావు. నీ మొహం నువ్వు చూసుకోలేదు. నీ చెంప మీద బకిల్ ముద్ర ఉంది. అందుకే లాక్కున్నాను. ఆపాల్సిన చోట ఆపలేదు, నిజమే. ఆ రాత్రి నుంచి ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు.

దేవుడు మనుషుల్ని తన పోలికలో చేశాడట. నువ్వేమో కొట్టేవాళ్ళందర్నీ నాన్న పోలికలో చేస్తున్నావు. ఆ బొమ్మ ఇవ్వకు. నా కోసమని కాదు, ఊళ్ళో పొడుగు మొహాలవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇది నీ మరదలి చేతికే ఇచ్చి పంపుతున్నాను. దాని కంట పడనివ్వద్దన్నావు. ఆ రోజు బస్టాండు నుంచి నన్ను రిక్షాలో వేసుకెళ్ళింది అదే.

నీ తమ్ముడు


బుడ్డోడా,

చిన్నప్పటి పేరుతో పిలుస్తున్నాను, కోప్పడకు. మరదలు గురువారం ఉత్తరం చేతికిచ్చి గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. నేను చదువుతున్నంతసేపూ నా ముఖమే చూస్తోంది. "చదివారుగా వదినా," అని వెళ్ళిపోయింది. అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

స్టేషన్‌కి పరుగెత్తాను. సొరుగు ఖాళీ. "కళ్ళు కుదరలేదన్నారు, ఎంత బాగా కుదిరాయో. ఇంకేం దిద్దుతారులే అని నేనే తీయించాను బొమ్మలమ్మా," అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు. పొద్దున్నే గోడలకి అంటించేశారట. అది తప్పు బొమ్మని చెప్పాను. "వాడే అని ఆవిడే అందిగా," అన్నారు. అన్నది ఆవిడ కాదు, అనిపించింది నేను అని అరిచాను. ఆయన నన్ను ఇంటికెళ్ళి పడుకోమన్నారు.

పడుకోలేదు. బకెట్‌లో నీళ్ళు, ఒక రేకు ముక్క పట్టుకుని వీధినపడ్డాను. తడిపి గోకుతుంటే ప్రతి గోడ మీదా నాన్న ముందు కళ్ళు పోగొట్టుకున్నాడు, తర్వాత నోరు. సగం గోడలు కూడా కాలేదు, మార్కెట్ వైపు నుంచి అరుపులు వినిపించాయి.

కూరగాయల బండి తోసుకునే అతను. పొడుగు ముఖం, అంతే. బండి తిరగబడి ఉంది. అతన్ని రోడ్డు మీద బోర్లా పడేసి తొక్కుతున్నారు. ఒకడు అతని తూకపు రాయే తీసుకుని అతని చెవి మీద కొడుతున్నాడు. కొట్టే వాళ్ళలో మా పక్కింటి లెక్కల మాస్టారున్నారు. అంత నెమ్మదస్తుడు చొక్కా చేతులు మడుచుకుని, వంతు కోసం చూస్తున్నట్టు నిలబడి, సందు దొరకగానే కాలితో తన్నారు. "ఆ బొమ్మ నేనే గీశాను, అది తప్పు," అని అరిచాను. వినేవాళ్ళెవరు? వాళ్ళ కాళ్ళ మధ్య నుంచి దూరి అతని మీద పడ్డాను. నా ముఖం అతని ముఖం మీద ఆనింది.

అప్పుడెవడో నా జుట్టు పట్టి తల పైకి లేపాడు. బొమ్మ కాగితం నా చెంప పక్కన పెట్టాడు. "ఒరేయ్, ఇదీ అదే దవడ. కనుబొమలూ అవే. వాడి అక్కరా ఇది," అన్నాడు. నవ్వొచ్చిందంటే నమ్ముతావా? నాన్న పోలిక నీకొచ్చిందని అందరూ అంటుంటే నమ్మి, నేను అద్దం సంగతే మర్చిపోయాను. తర్వాత ఏదో ఇనుము నోటికి తగిలింది. ఒకసారి కాదు. నా పళ్ళు నాకే గుచ్చుకున్నాయి. మెడ మీద కాలు పెట్టి నొక్కుతుంటే నాకు కనిపించింది ఆ బండి అతని ముఖం ఒక్కటే. ముక్కు దగ్గర పుట్టుమచ్చ, రెప్ప మీద మట్టి. ఒక్క పోలికైనా నాన్నది లేదు. ఇన్నేళ్ళలో ఒక మగవాడి ముఖాన్ని అంత దగ్గరగా, భయం లేకుండా చూడటం అదే మొదటిసారి. అమ్మ తడిగుడ్డ పట్టుకుని గొణిగిన మాట వల్లించిన వాక్యం కాదనీ, కళ్ళతో చూసి చెప్పిన సంగతేననీ అప్పుడు తెలిసింది. నా చేతి రుమాలుతో అతని కళ్ళు తుడుస్తూనే ఉన్నాను, పోలీసులు వచ్చి మమ్మల్ని విడదీసేదాకా.

అతను బతికాడు. ఒక చెవి ఇక వినపడదట. బొమ్మ గీసింది నేనేనని ఆస్పత్రిలో వాళ్ళావిడకి చెప్పాను. లాగి చెంప మీద కొట్టింది, నా కుట్లు ఊడాయి. కాసేపయ్యాక తన గ్లాసుతోనే నీళ్ళు తెచ్చిచ్చింది. వీళ్ళకి నేను చెయ్యాల్సింది చాలా ఉంది, చేస్తాను.

కుట్టు దుకాణం ఆవిడది అదే ఆస్పత్రి, పై అంతస్తు. వెళ్ళి మంచం పక్కన కూర్చుని అడిగాను. "నాకు ఇస్త్రీపెట్టె తప్ప ఏమీ కనపడలేదమ్మా," అంది. "మరి వాడే అన్నారు కదా?" అన్నాను. "మీరు అంత శ్రద్ధగా గీస్తుంటే, కాదనడానికి మొహమాటం వేసింది," అంది. ఆ మాటే రాయించి, ఆవిడ చేత సంతకం పెట్టించి, ఇన్‌స్పెక్టర్ గారి బల్ల మీద పెట్టాను. నా పెన్సిళ్ళూ దాని పక్కనే పెట్టేశాను. డిపో కేసులో నీకు జరిగింది కూడా చెప్పాను. ఆయన చాలాసేపు నా ముఖం వైపు చూడలేదు. గోడల మీద మిగిలిన బొమ్మలు మాత్రం ఆ సాయంత్రమే పీకించారు.

నాకూ కింద పెదవే చీలింది. మచ్చ మిగులుతుందన్నారు. ఇప్పుడు ఎవరైనా మనిద్దర్నీ పక్కపక్కన చూస్తే ఒకటే పోలిక అంటారు, అది నాన్నది మాత్రం కాదు.

ఏ ముఖం పెట్టుకుని వస్తావని అడిగే హక్కు నీకుంది. వాచిన ఈ ముఖమే పెట్టుకుని ఆదివారం వస్తున్నాను. మరదలితో చెప్పు, ఈసారి గుమ్మంలో నిలబడే వంతు నాది. నువ్వు మాత్రం కిటికీ దగ్గర, వెలుతురు నీ ముఖం మీద పడేలా కూర్చో. పోలికలు చెప్పొద్దు. ఏమీ మాట్లాడొద్దు. నేను చూస్తాను.

నీ బొమ్మలక్క