మలేషియాలో నా వంట వంతు

శామీర్‌పేట, గురువారం రాత్రి

మలేషియా ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ నాదే! సాయంత్రం మెయిల్ వచ్చింది.

పొద్దున వీడియో ఇంటర్వ్యూలో సైన్సు ప్రశ్నలన్నీ అయ్యాక అక్కడి మేడమ్ ఒకటి అడిగింది. నాలుగు దేశాల అమ్మాయిలు ఒకే ఫ్లాట్‌లో ఉంటారట, వంట వంతులవారీగా చేసుకోవాలట. నీ వంతొస్తే ఏం చేస్తావంది. బట్టీ పట్టిన జవాబులేవీ పనికిరాలేదు. మా ఇల్లే గుర్తొచ్చింది. దావత్‌కు యాటను కోయాలంటే నాయిన ముందు పక్కింటి ఖాజా మామను పిలుస్తాడు. ఆయన బిస్మిల్లా అని కోస్తేనే వాడకట్టంతా కూర్చుని తింటుంది. అదే చెప్పాను. ఎవరేం తింటారో అడిగాకే పొయ్యి వెలిగిస్తానన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

ఇంట్లో చెబితే నాయిన, "మనింటి ముచ్చట గంత దూరం పోయిందా బిడ్డా!" అని ఖాజా మామను పిలవడానికి పరుగెత్తాడు. అమ్మ మాత్రం నన్నే చూస్తూ, "గది సరేగని, నీకు అన్నం వండుడన్న వస్తదానే?" అంది.

రాదు.

ఎవరేం తింటారో అడుగుతాను సరే, నేను వండింది ఎవరు తింటారు? ఏమైనా కానీ, అక్కడ మొదటి వంతు నేనే అడిగి తీసుకుంటాను.