అక్క ప్రార్థనలో ఎనిమిది జట్లు

అక్కకు,

నీ తమ్ముడు వంగి చేస్తున్న నమస్కారం. ప్రతి గుమ్మం దగ్గరా వంగడం అలవాటే కాబట్టి ఇందులో నాకు కొత్త శ్రమేమీ లేదు.

ఫోను చేద్దామనుకున్నాను. కానీ ఫోనులో నేను తిన్నానా, నీ మరదలు తిన్నదా, నిద్ర పడుతోందా అని నువ్వు అడిగేలోపు నా విషయం చల్లారిపోతుంది. అందుకే ఉత్తరం.

వచ్చే వారం మా బాస్కెట్‌బాల్ లీగు మొదలు. క్రీడల పేజీ ఆయన ఈ రోజు పేపర్లో సీజన్ అంచనాలు వేశాడు. ఎనిమిది జట్లలో నీలం చొక్కాల వాళ్ళు మొదటట. మా ఆకుపచ్చ వాళ్ళం ఆఖరట. అక్కడితో ఆగినా బాగుండేది. "నిచ్చెన అనే పాత సామాను ఇంకా బెంచి మీదే పడి ఉంది. వచ్చే ఏడాదికి అది కూడా ఉండదు" అని నాకు విడిగా ఒక ముక్క కేటాయించాడు. చూశావా అక్కా, నన్ను ‘అది’ అన్నాడు.

నా అంచనా వేరు. నన్ను ఆడనిస్తే మేము మొదటి నాలుగు జట్లలో ఉంటాం. ఆడనివ్వడమే కష్టంగా ఉంది. రింగు కింద నిలబడేవాడు జట్టుకి ఒక్కడే. ఆ చోటికి ఈ ఏడు ఒక కుర్రాడిని తెచ్చారు. నా కంటే నాలుగు వేళ్ళు పొడుగు. అందరూ వాడిని కొత్త నిచ్చెన అంటున్నారు. మేనేజరు నన్ను పక్కకి పిలిచి, "ఈ సీజన్లో నువ్వు కోర్టులో కనిపిస్తేనే వచ్చే సీజన్ మాట, ఏమంటావ్?" అన్నాడు. నేనేమంటాను? ముప్పై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇది తప్ప ఇంకో పని చేతకాదు.

ఆ కుర్రాడు బాగున్నంత కాలం నేను బెంచి మీదే. నువ్వు ప్రార్థిస్తే దేవుడు వింటాడు. ఆ కుర్రాడి ఆరోగ్యం సంగతి కాస్త ఆయన చెవిన వెయ్యి. అంతకంటే నేను నోటితో అనలేను. నీకు అర్థమవుతుంది.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: మోకాళ్ళు అలాగే ఉన్నాయి. మెట్లు వెనక్కి తిరిగి దిగుతున్నాను. జట్టులో ఎవరికీ చెప్పకు.

⁂

చిరంజీవి తమ్ముడికి,

నువ్వూ మరదలూ చల్లగా ఉండాలని కోరుకుంటూ అక్క రాస్తున్నది.

నీ ఉత్తరం కుట్టుమిషను ముందు కూర్చునే చదివాను. కళ్ళు చెమర్చి సూదిలో దారం ఎక్కించలేకపోయాను. నీ చోటు తీసుకున్న పిల్లవాడి ఆరోగ్యం కోసం నువ్వే ఇంత బెంగ పెట్టుకున్నావంటే, మన అమ్మ పెంపకం ఎక్కడికీ పోలేదు.

ఆ పూటే మొదలుపెట్టాను. ఊరికే "బాగుండాలి" అంటే దేవుడికి పని అప్పజెప్పినట్టు కాదు. దర్జీదాన్ని కదా, మెడ దగ్గర మొదలుపెట్టి భుజాలు, మోచేతులు, నడుము, మోకాళ్ళు, చీలమండలు అన్నీ వరసగా చెప్పి మరీ ప్రార్థిస్తున్నాను. నువ్వు ధైర్యంగా ఉండు. ఆ పిల్లవాడికి ఏమీ కాదు.

అంచనాలు మా పేపర్లోనూ వచ్చాయి. నన్నెవరూ అడగలేదు గానీ నా అభిప్రాయం చెబుతాను. ఎనిమిది జట్లు ఉన్నప్పుడు ఎవరో ఒకరు ఆఖరున ఉండే తీరాలన్న పద్ధతే బాగాలేదు. ఇంకో మాట. ఫౌలు అయ్యాక ఒక్కడే నిలబడి బంతి వేసుకుంటుంటే, రింగు వెనక అంతమంది చేతులూపి గోల చేస్తారేం? పెద్దవాళ్ళెవరూ చెప్పరా?

ఆ క్రీడల పేజీ ఆయన ఫోటో చూశాను. మనిషి చెడ్డవాడిలా లేడు. కాలరు ఒక పక్క లేచిపోయి ఉంది, చూసి సర్దేవాళ్ళు లేరు కాబోలు.

ఆశీస్సులతో,
అక్క

తా.క.: అంచనాలన్నీ తప్పితే పాపం ఆయన ఉద్యోగానికి ఇబ్బంది కదా. ఆయన మాట నిలబడాలని కూడా ప్రార్థనలో చేర్చాను.

⁂

అక్కకు నమస్కారం.

ఆయన మాట నిలబడడం అంటే ఏమిటో తెలుసా? మేము ఆఖరున రావడం! నీ తమ్ముడు పాత సామాను కింద పోవడం! తోచినవన్నీ దేవుడికి ఒకేసారి చెప్పేస్తే ఎలా? కాస్త చూసి చెప్పొద్దూ?

లీగు మొదలైంది. ఆడినవన్నీ ఓడాం. జట్టంతా జలుబుతో మూలుగుతోంది. బంతి చప్పుడు కంటే తుమ్ముల చప్పుడే ఎక్కువ. ఒక్క కొత్త నిచ్చెన మాత్రం గుండ్రాయిలా ఉన్నాడు. మొన్న ఇద్దరు వాడి మీద పడ్డారు. ఆ ఇద్దరినీ మోసుకెళ్ళారు. వీడు లేచి నిక్కరు దులుపుకున్నాడు. ఫిజియో కూడా, "ఏం మనిషివయ్యా, నాకు పని లేకుండా చేస్తున్నావు" అన్నాడు.

నేను పక్కన కూర్చుని కేకలేస్తున్నాను. ఇంకేం చేయను? కోచ్ నన్ను మర్చిపోయాడు. నిన్న తన కోటు నా భుజం మీద వేసి వెళ్ళిపోయాడు, కొక్కెం అనుకున్నట్టున్నాడు.

అక్కా, చీలమండలు వదిలెయ్యి. పోనీ ఒక్క చీలమండ.

నీ తమ్ముడు

తా.క.: నీ మరదలు అడగమంది. నాకోసం కూడా ప్రార్థిస్తున్నావా లేదా?

⁂

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు.

నీ కోసం ప్రార్థించకుండా ఎలా ఉంటాను? నీకు మంచి బుద్ధి, తీరిక ఇమ్మని రోజూ అడుగుతున్నాను. తీరిక వచ్చినట్టే ఉంది.

పేపరాయన విషయంలో నాదే తొందరపాటు. వెంటనే దిద్దుకున్నాను. దేవుడిని అటూ ఇటూ తిప్పే బదులు ఆయనకే ఉత్తరం రాశాను. "అయ్యా, మీ అంచనా మార్చుకుంటే మీకూ నష్టం లేదు, మా వాళ్ళకీ బాధ ఉండదు. ఎనిమిది జట్లనీ నాలుగో స్థానంలో పెట్టండి" అని. నీ గురించి కూడా రెండు మంచి మాటలు రాశాను.

జలుబుల సంగతి విని ఊరుకోలేకపోయాను. కొత్త పిల్లవాడు ఒక్కడే మిగిలాడన్నావు కదా, వాడికీ పట్టుకుంటే జట్టేం కావాలి? ఉన్ని స్వెట్టరు అల్లి పంపించాను. కొలత ఎవరిని అడగను? నీ కొలతకి నాలుగు వేళ్ళు కలిపాను.

ఇప్పుడు ఆట టీవీలో చూస్తున్నాను. బొత్తాలు కుట్టుకుంటూ చూడొచ్చు. వెనకబడ్డ జట్టుని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఎవరు వెనకబడితే వాళ్ళ కోసం ఒక చిన్న ప్రార్థన చేసుకుంటున్నాను. అందులో మీ వంతే ఎక్కువ, నువ్వు దిగులు పడకు.

ఆశీస్సులతో,
అక్క

తా.క.: నీకూ స్వెట్టరు అల్లుదామనుకున్నాను. కూర్చునేవాడికి దుప్పటి నయమని దుప్పటి పంపుతున్నాను.

⁂

అక్కా,

నమస్కారం చేసే ఓపిక కూడా లేదు.

మొదట టీవీ సంగతి. శనివారం తెల్లచొక్కాల మీద ఎంతో ముందున్నాం. అంత ముందు ఈ ఏడు ఎప్పుడూ లేము. ఆఖరి భాగంలో వాళ్ళు కళ్ళు మూసుకుని వేసినా పడింది. అప్పుడు నువ్వు ఏం చేస్తున్నావో నాకు చెప్పొద్దు. తెలుసుకోవాలని లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పేజీ ఆయన ‘సగం సీజన్ అంచనాలు’ అని వేసి, మధ్యలో నీ ఉత్తరం పెట్టాడు, చుట్టూ గీతలతో పెట్టె కట్టి మరీ. నువ్వు రాసిన రెండు మంచి మాటలూ ఇవి: "మా తమ్ముడు బంగారం. మోకాళ్ళు అరిగిపోయి మెట్లు వెనక్కి తిరిగి దిగుతున్నా ఒక్క మాట బయటికి అనడు."

బట్టలు మార్చుకునే గదిలో కెప్టెన్ బల్లెక్కి చదివాడు. అందరూ వరసగా నిలబడి బెంచీ మీద నుంచి వెనక్కి తిరిగి దిగారు. నాకు తల తీసేసినట్టయింది. కోచ్ వచ్చి, "ఏమయ్యా, మోకాళ్ళ మాట నిజమేనా?" అన్నాడు. ఏదో ఒకటి చెబుదామని లేచాను. లేచినప్పుడు టక్కున చప్పుడైంది. ఆయన ఇంకేమీ అడగలేదు. ఇదివరకు బెంచిలో మొదటివాణ్ణి, ఇప్పుడు చివర నీళ్ళ డబ్బా పక్కన కూర్చుంటున్నాను.

కొత్త నిచ్చెన నీ స్వెట్టరు వేసుకుని, "అన్నా, స్వెట్టరు చేతులు చాలా సరిగ్గా వచ్చాయని అక్కగారికి చెప్పండి" అన్నాడు. నువ్వు అసలు ఎవరి అక్కవి?

తమ్ముడు

తా.క.: దుప్పటి బాగుంది. ఆ మాట అనడానికి కూడా కోపంగా ఉంది.

⁂

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. కోపం తగ్గాకే చదువు.

జట్టులో ఎవరికీ చెప్పొద్దన్నావు. నేను చెప్పలేదు. ఆయన జట్టులో లేడు కదా, పేపర్లో ఉన్నాడు.

మోకాళ్ళ చప్పుడు దాచుకుని ఎన్నాళ్ళు ఆడతావు? ఒకరోజు అందరి ముందూ పడితే లేవదీయడానికి నేను అంతదూరం రాలేను. బెంచి చివర కూర్చోవడం చిన్నతనమేమీ కాదు. అక్కడి నుంచి కోర్టంతా కనిపిస్తుంది. టీవీలో నిన్ను చూస్తూనే ఉన్నాను. నువ్వు కేకేసి చెయ్యి ఎటు చూపిస్తే పిల్లలు అటే వెళుతున్నారు. కోచ్ గారు అరిస్తే మటుకు ఆయన వైపు చూసి, మళ్ళీ నీ వైపు చూస్తున్నారు.

అది నీకు తెలుసా?

ఆశీస్సులతో,
అక్క

తా.క.: పేపరాయన జవాబు రాశాడు. కాలరు సర్దుకున్నాడట.

⁂

అక్కకు నమస్కారం.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రెండు వారాల క్రితం కోచ్ హఠాత్తుగా మానేశాడు. గొంతు పోయింది, డాక్టరు అరవొద్దన్నాడు, ఇంటి పట్టున ఉంటానన్నాడు. వెళుతూ మేనేజరుతో, "మిగిలిన మ్యాచ్‌లు నిచ్చెనకి ఇవ్వండి. ఎలాగూ వాడి మాటే వింటున్నారు" అన్నాడట. నేను కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. మోకాళ్ళ వల్ల కాదు.

నిన్న ఆఖరి మ్యాచ్, నీలం వాళ్ళతో. ఓడితే మేమే ఆఖరు, పేపరాయన మాట నిజం. సరిగ్గా చివరి భాగంలో కొత్త నిచ్చెన కిందపడి లేచి, కుంటడం మొదలుపెట్టాడు. సీజనంతా నేను ఎదురుచూసిన కుంటు అది. బెంచి వైపు చూస్తే వాడి చోటుకి సరిపోయేవాణ్ణి నేనొక్కడినే. పంపాల్సింది నేనే, వెళ్ళాల్సిందీ నేనే. పై చొక్కా విప్పాను కూడా. జనం "నిచ్చెనా, నిచ్చెనా" అని లేచారు. ఎంత కాలమైందో అక్కా, ఆ కేక విని.

వాడు నా దగ్గరికొచ్చి, "అన్నా, మీరు వెళ్ళండి" అన్నాడు. మొహం చూశాను. ఏడుపు ఆపుకుంటున్నాడు. "కాలు చూపించు" అన్నాను. ఫిజియో నొక్కి చూసి, "బెణకలేదు, దెబ్బ తగిలిందంతే, ఆడొచ్చు" అన్నాడు. నేను వెళితే మళ్ళీ కోర్టులో కనిపించానని చెప్పుకోవచ్చు. వాడు వెళితే గెలవొచ్చు. పై చొక్కా మళ్ళీ వేసుకుని, "పో, రింగుకి ఎడమ పక్క నిలబడు, కదలకు" అని కేకేశాను.

ఒక్క పాయింటుతో గెలిచాం. కింద నుంచి రెండో స్థానం. వచ్చే సీజన్‌కి కోచ్‌గా నన్నే ఉండమన్నారు.

అక్కా, ఒక మాట అడుగుతాను. నువ్వు కుర్రాడి కోసం ప్రార్థించావు, పేపరాయన కోసం ప్రార్థించావు, ఎనిమిది జట్ల కోసం ప్రార్థించావు. పాపం కోచ్ గారిని ఒక్కరినే మర్చిపోయావు కదూ? అందుకే ఆయనకి అలా అయింది.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: నిన్నటి ఆటలో ఎవరు వెనకబడినప్పుడు ఎవరికోసం ప్రార్థించావో ఇప్పుడు చెప్పు, ఫరవాలేదు.

⁂

చిరంజీవి తమ్ముడికి,

కడుపు నిండిన అక్క రాస్తున్నది.

ఆ ఆఖరి ఆటలో ఎవరికోసమూ ప్రార్థించలేదు. నువ్వు చొక్కా విప్పినప్పుడు టీవీ ఆపేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. మళ్ళీ పెట్టేసరికి నువ్వు చొక్కాతో ఉన్నావు. అది చాలనుకున్నాను.

కోచ్ గారిని మర్చిపోలేదు. కొత్త పిల్లవాడు ఆయన ఇంట్లోనే ఉంటున్నాడని నీకు తెలిసే ఉంటుంది. స్వెట్టరు అందాక ఆయన భార్య నాకు ఉత్తరం రాసింది. "ఆయన ఇంట్లో కూడా కేకలే అక్కగారూ. మంచినీళ్ళు కావాలన్నా ఈల వేస్తారు. గొంతు పాడైపోతోంది, మానమంటే జట్టు ఏమైపోతుందంటారు" అని. ఆయన ఇంటి పట్టున ఉండాలని ప్రార్థించాను. ప్రార్థించి ఊరుకుంటే సగం పనే కదా. "మా తమ్ముడు ఇక పరిగెత్తలేడు గానీ ఎవరు ఎటు పరిగెత్తాలో వాడికి తెలుసు, ఒకసారి ఆయన్ని చూడమనండి" అని ఆవిడకి జవాబు కూడా రాశాను.

ఇంకో సంగతి. నీ మొదటి ఉత్తరం నాకు మొదటిసారే అర్థమైంది. ఆ పిల్లవాడి గురించి నువ్వు దేవుడిని ఏం అడగమన్నావో చదవగానే తెలిసింది. అర్థంకానిదానిలా ఉంటేనే నీకు నయమనిపించింది. ఆ రోజు వాడి కాలు చూసి నువ్వే తిరిగి పంపించావు. ఇక ఆ మాట మన మధ్య లేదు.

ఆశీస్సులతో,
అక్క

తా.క.: నిన్ననే మరదలి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. నువ్వు కోచ్ అయినప్పటి నుంచి అన్నానికి పిలవడానికి కూడా చప్పట్లు కొడుతున్నావట. ఏం ప్రార్థించాలో తను నోటితో అనలేనంది. నాకు అర్థమైంది.