మరుగుతూ గడ్డకట్టే సముద్రం

ఆదివారం, మధ్యాహ్నం.

గౌరవనీయులైన బాబాయి గారికి,

మీ అన్నగారి ఏకైక కుమార్తె వినయంగా నమస్కరించి రాయునది. ఇక్కడ అమ్మా నాన్నా నేనూ క్షేమం. మీరూ క్షేమమనే తలుస్తున్నాను. తలచడమే తప్ప తెలిసే దారి లేదు. రెండు వారాలుగా మీరు మా గుమ్మం తొక్కలేదు, నేను తలుపు కొడితే తీయలేదు.

సరే, మర్యాద అయిపోయింది. ఇంతకు మించి నా వల్ల కాదు. బాబాయ్, నీకసలు బుద్ధుందా?

రేపు పొద్దున్నే మీ పిల్లల పత్రిక అచ్చుకి వెళ్తోందట. నీ కథ ఆఖరి భాగం రావాల్సిన రెండు పేజీల్లో పొడుపుకథలూ, చుక్కలు కలిపితే ఏనుగయ్యే బొమ్మా వేస్తున్నామని మీ సంపాదకురాలు అమ్మతో చెప్పిందట. రచయితే ముగింపు వెనక్కి తీసుకున్నాక మేమేం చేస్తామండీ అందట. ఏనుగు బొమ్మ! ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల రాతల్లో తప్పులు దిద్ది, మొదటిసారి నీ పేరుతో నువ్వొక కథ రాస్తే, దాని తోక దగ్గర ఏనుగొచ్చి కూర్చుంటుందా? నేను చూస్తూ ఊరుకోవాలా?

నీ కోపం నా మీదేనని తెలుసు. కానీ ఆ లోకం నీ ఒక్కడిదే కాదు, మనిద్దరం కట్టింది. మా వంటింటి గచ్చు మీద బోర్లా పడుకుని కట్టాం. ఎక్కడో ఒక పెద్ద గ్రహం, దాని చుట్టూ తిరిగే చందమామ, ఆ చందమామంతా సముద్రం, సముద్రమంతటికీ మంచు కప్పు. కప్పు కింద చీకట్లో మొప్పలున్న మనుషుల ఊరు. నువ్వు వాళ్లకి దీపాలు పెడతానన్నావు. గాలి లేనిదే మంట ఎలా వెలుగుతుంది, కుదరదన్నాను. ఒక పూటంతా అలిగి, సాయంత్రానికి మెరిసే చేపల్ని పెంచుకునే వీధి రాసుకొచ్చావు. దీపాలకంటే అదే బాగుంది. నీళ్లలో శబ్దం గాలిలోకంటే నాలుగు రెట్లు వేగంగా పోతుందని నేను ఊళ్లో పంచే సైన్సు కరపత్రాల్లోంచి చదివి చెప్పాను. అందుకే ఆ ఊళ్లో చాడీలు మన వీధిలోకంటే ముందే ఇల్లు చేరతాయని రాశావు. అమ్మ చదివి, అంటే ఆ ఊరి పేరు మా అత్తగారిల్లా అని నాన్నని అడిగింది.

ఆ తర్వాతే కదా గ్రంథాలయంలో పిల్లల ముందు నువ్వు ముగింపు చదివింది. మొప్పల పిల్ల మంచు కప్పుని తొలిచి, తల బయటికి పెట్టి, ఆ ఊళ్లో ఎవరూ చూడని నక్షత్రాల్ని చూస్తుంది. నేను లేచాను. పైన గాలి లేదు బాబాయ్, గాలి లేనిచోట నీళ్లు పొయ్యి లేకుండానే మరుగుతాయి, నీ పిల్ల చిల్లు పెట్టిన మరుక్షణం సముద్రం కుతకుతలాడిపోతుంది, ఊరంతా చస్తుంది, నీ కథానాయిక హంతకురాలు అన్నాను. ముందు వరుసలో ఓ రెండు జడల పిల్ల, అయ్యో అందర్నీ ఉడకబెట్టేశారు అంది. హాలంతా నవ్వింది. నువ్వు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నావు.

అంతమంది ముందు అలా అరవడం మొరటుతనం. ఆ మాట వరకు క్షమించు. చెప్పిన సంగతి మాత్రం వెనక్కి తీసుకోను. అబద్ధపు శాస్త్రంతో పిల్లలకి ఆశ చూపించడం కల్తీ పాలు పోసినట్టే. లోకాన్ని మార్చాలనుకునేవాళ్లు ముందు లోకం ఎలా నడుస్తుందో తెలుసుకోవాలి. అవును, మళ్లీ ఉపన్యాసం. నవ్వుకో.

కానీ కరపత్రంలో, గాలి లేనిచోట నీళ్లు మరుగుతాయి అన్న వాక్యం దగ్గర పేజీ అయిపోయింది. నేనూ అక్కడే ఆగిపోయాను. మరిగాక ఏమవుతుందని అడగలేదు. ప్రతిదాన్నీ ప్రశ్నించమని గోడల మీద రాసేదాన్ని, అది మాత్రం అడగలేదు!

ఈ వారం అడిగాను. మా రిపేరు షాపులో ఫ్రిజ్జుకి గ్యాసు నింపేముందు గొట్టాల్లో గాలినీ తేమనీ లాగేసే పంపు ఉంటుంది కదా. మందపాటి గాజు జాడీలో రెండు చెంచాల మామూలు కుళాయి నీళ్లు పోసి, రబ్బరు బిళ్లతో మూత బిగించి, పంపు తగిలించాను. మా యజమాని, అదే, గురక శబ్దానికి మేమంతా కంప్రెసర్ అన్న అని పిలిచే ఆయన, పరిగెత్తుకొచ్చాడు. జాడీ పగిలితే కళ్లు పోతాయే మొద్దూ అని తిట్టి, పాత ఫ్యాను జాలీ తెచ్చి అడ్డం పెట్టి, అక్కణ్నించి కదల్లేదు.

నీళ్లు మరిగాయి బాబాయ్! పొయ్యి లేదు, ఆవిరి పొగ లేదు, చేత్తో తాకితే జాడీ చల్లగా ఉంది, లోపల మాత్రం బుడగలు తన్నుకొస్తున్నాయి. ఇదిగో నీ ఊరు ఉడుకుతోంది అనుకున్నాను. ఇంతలో బుడగలు మందగించాయి. నీళ్ల మీద సన్నటి పొర మెరిసింది. మంచు! మరిగే నీళ్లకి వేడి కావాలి, బయట ఇచ్చేవాళ్లు లేరు, తనలో ఉన్నదే తీసుకుంది. అది పోగా మిగిలింది గడ్డకట్టింది. కింద నుంచి ఒక బుడగ ఆ పొరని ఫట్‌మని పగలగొట్టింది. చూస్తూండగానే ఆ చిల్లు మళ్లీ పూడింది. మళ్లీ పగిలింది, మళ్లీ పూడింది.

కంప్రెసర్ అన్న చాలాసేపు చూశాడు. మరగాలో గడ్డకట్టాలో తేల్చుకోలేకపోతోంది, అచ్చం మా బావమరిదిలా ఉంది అన్నాడు. తర్వాత పంపులో నూనె చూశాడు. తేమంతా అందులో కలిసి పాలలా తెల్లబడింది. ఆ తర్వాత అన్నవి ఉత్తరంలో రాసేవి కావు.

అర్థమైందా? నీ పిల్ల హంతకురాలు కాదు. మంచు నీళ్ల మీద తేలుతోంది కాబట్టి చిల్లులోంచి నీళ్లు కొంతమేర పైకొచ్చి ఆగుతాయి, సముద్రమంతా బయటికి పొంగదు. పైపైన మరుగుతుంది, వెంటనే గడ్డకడుతుంది. కప్పు తన గాయాన్ని తనే మాన్పుకుంటుంది.

ఆ పిల్ల తల బయటికి పెట్టడం మాత్రం కుదరదు. నక్షత్రాలూ కనపడవు, కొత్త మంచు నిండా బుడగలే, తెల్లగా ఉంటుంది. కానీ పాత కప్పు వెలుగు చొరనంత మందం. కొత్తది పల్చన. పల్చటి మంచులోంచి వెలుగు దిగుతుంది! ఊళ్లోవాళ్లంతా మొదటిసారి పైకి చూస్తారు. మసకగా, పాలరంగులో, గుండ్రంగా ఒక కిటికీ. అది రోజురోజుకీ మందమవుతుంది. మళ్లీ ఎవరో వెళ్లి తొలవాలి. ఒక్క వీరవనిత కాదు బాబాయ్, ఊరంతా వంతులేసుకుని! రాయడం నావల్ల కాదు. నేను రాస్తే కరపత్రమవుతుంది. నువ్వే రాయాలి. రేపు పొద్దున్న లోపు.

ఇట్లు,
నీ అన్న కూతురు,
నువ్వు పేరుపెట్టిన అగ్గిపుల్ల

తా.క.: కవరు మీద స్టాంపు లేదని ఈపాటికి చూసే ఉంటావు. ఇది పోస్టులో రాలేదు, నీ తలుపు కిందనుంచి వచ్చింది. మీ మెట్ల మీద కూర్చునే రాస్తున్నాను. నువ్వు లోపలే ఉన్నావు, ఇందాక కుర్చీ కిర్రుమంది. పక్కన జాడీ ఉంది, ఫ్యాను జాలీ ఉంది, కొత్త నూనె పోసిన పంపు ఉంది. కథ ఏమైందో చెప్పకపోతే ఉద్యోగంలోంచి తీసేస్తానని బెదిరించి, సాయంత్రం వరకు కంప్రెసర్ అన్నే ఇచ్చాడు. మూడంతస్తులు మోసుకొచ్చాను, నడుం విరిగింది. తీరా చూస్తే మీ మెట్ల దగ్గర ఎక్కడా ప్లగ్గు లేదు. తలుపు తియ్యి బాబాయ్.