ఆ పన్ను ఎందుకు విసిరేశావు

ఒసే సోములమ్మా,

నా ముందుపన్ను ఊడినప్పుడు, నన్నడక్కుండా దాన్ని పేడలో చుట్టి ఇంటికప్పు మీదికి విసిరేశావు. "సిన్న గుంటలకి మొలిసినట్టు నీకూ మొలుస్తాది మావా" అని నవ్వావు. ఆ కోపం నాకింకా పోలేదు.

నువ్వు పోయాక మిగతా పళ్ళూ ఊడి, చోడిరొట్టె నానబెట్టుకుని తినలేక, సాలూరు దిగి కట్టుడుపళ్ళు చేయించుకుంటున్నాను. డాక్టరు మైనంలో రెండు వరసలు చూపించాడు. ఒకదానికి ముందుపళ్ళ మధ్య సందుంది, రెండోదానికి లేదు.

"నీ పాత పన్నేదైనా ఉందేటి తాతా? దాని వెడల్పు చూస్తే తెలుస్తాది" అన్నాడు.

"మా ఇంటిది కప్పుమీదికి ఇసిరేసింది బాబూ."

"అయితే సందుండేదో లేదో ఇంట్లోవోళ్ళనడిగిరా."

ఎవరినడగను? ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే. మనకి అద్దం ఏనాడూ లేదు, నా పళ్ళు నేను చూసుకోలేదు. ఊళ్ళోవాళ్ళ ముందు నేనెప్పుడు నవ్వాను గనక? చూసినదానివి నువ్వొక్కదానివే.

డాక్టరు సోమవారం రమ్మన్నాడు. తప్పు వరస పెట్టించుకుని, రేపు నీ దగ్గరికొచ్చినప్పుడు ఈ ముసలాడెవడని నువ్వడిగితే ఆ మాట నేను పడను. కలలోకొచ్చి చెప్తావో ఎలా చెప్తావో నాకు తెలీదు. నాకు సందుండేదా, లేదా? ఆదివారం లోపల చెప్పు.